అన్నీ తప్పే చెప్పిన పిల్ల

పోయినవారం మీరు నన్ను కళ్ళజోళ్ళ షాపులో, చేతిలో బొమ్మల అట్టతో, నోరు వెళ్ళబెట్టుకుని నిలబడ్డ చోట వదిలేసి వెళ్ళారు. అక్కణ్ణించే అందుకుంటాను. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పక తప్పదు, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నాకు ఒక్కతే కూతురు. బారసాలనాడు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ దాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. ఇంట్లో, వీధిలో, వాళ్ళ నాన్న పనిచేసే ఈతకొలను దగ్గర, అందరికీ అది పిచ్చుకే. మొన్నమొన్ననే అయిదేళ్ళు నిండాయి. ఒట్టి వాగుడుకాయ. నాతో బస్సెక్కితే దారి పొడుగునా దుకాణాల బోర్డులన్నీ కూడబలుక్కుని గట్టిగా చదివేది, పక్కవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. అలాంటి పిల్లని కేజీలో చేర్చుకునే ముందు బడివాళ్ళు కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగితే ఎర్ర బంతిని పచ్చ అంది. కుక్కని ఆవు అంది. మూడు పెన్సిళ్ళు చూపిస్తే ఏడు అంది. "పాప ఇంకా సిద్ధంగా లేదండీ, వచ్చే ఏడాది తీసుకురండి" అని ప్రిన్సిపాల్ మేడమ్ మెత్తగా చెప్పి పంపేసింది.

ఆ రోజు నుంచి నేను మనిషిని కాను. ఇంటికొచ్చాక కూడా పిల్ల అదే వరస. ఏది అడిగినా తప్పే. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పే ఆవిడ దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. అందరూ లోపమేమీ లేదమ్మా అన్నారు. లోపం లేకపోతే నా పిల్ల కుక్కని ఆవు అని ఎందుకంటుంది? స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. మా ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "ఏడాది ఆగితే కొంపేం మునగదులే" అనేవాడు. పోయినవారం దాకా ఆయన్ని 'అనేవారు' అని రాశాను. ఈ వారం నుంచి ఆ గౌరవం బంద్. ఎందుకో మీకే తెలుస్తుంది.

షాపులో చూపు పరీక్ష చేసేది నేనే. ఆ రోజు మా అత్తగారికి మోకాలి నొప్పి ఎక్కువై పిచ్చుకని నాతో తీసుకెళ్ళాను. అక్షరాలు రాని పిల్లల కోసం మా దగ్గర బొమ్మల అట్ట ఉంటుంది. గొడుగు, చేప, ఇల్లు, గుర్రం, పువ్వు. ఊరికే చూపించి అడిగాను. అన్నీ తప్పు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అన్నీ తప్పు.

చూపు లేనివాళ్ళు ఉన్నట్టు నటించడం చూడ్డం నాకు కొత్తేమీ కాదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చే మహానుభావులు అట్ట మీది అక్షరాలు బట్టీపట్టి వచ్చి గడగడా అప్పజెప్తారు. అట్ట మారిస్తే దొరికిపోతారు. ఏమీ కనిపించనివాడు ఏదో ఒకటి అనేస్తే కూడా నాలుగింట్లో ఒకటైనా తగులుతుంది. ఒక్కటీ తగలకుండా చెప్పాలంటే సరైనది ఏదో తెలిసుండి, దాన్ని తప్పించుకుంటూ పోవాలి. అందుకని ఈసారి, "ఇది చేపా, ఇల్లా? రెండిట్లో ఒకటి చెప్పు" అని అడిగాను. గుర్రమా, పువ్వా? గొడుగా, చేపా? అట్టంతా అలా అడిగాను. ప్రతిదానికీ తప్పున్న వైపే చెప్పింది నా తల్లి. ఎక్కడా పొరపాటున కూడా ఒప్పు రాలేదు.

"ఎవరు నేర్పారే నీకిది?" అన్నాను.

పిచ్చుక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి, "చెప్పకూడదు. ఫైనల్స్ దాకా ఎవ్వరికీ చెప్పకూడదు" అంది.

ఫైనల్స్! మా ఇంట్లో ఆ మాట వాడే మనిషి ఒక్కడే.

తలనొప్పి అని షాపు యజమానికి చెప్పి పిల్లని చంకనేసుకుని బయటపడ్డాను. అబద్ధం కూడా కాదు, తల పగిలిపోతోంది. బస్సులోంచే బడికి ఫోన్ చేసి ప్రిన్సిపాల్ మేడమ్‌ని బతిమాలాను. ఆవిడ చాలాసేపు నసిగి, "అడ్మిషన్లు రేపటితో అయిపోతాయి. పొద్దున్నే ఇద్దరూ పాపని తీసుకురండి. ఒక్కసారి చూస్తాను, మళ్ళీ అడగొద్దు" అంది. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఫోన్ పెట్టేశాను.

ఈతకొలను గేటు దాటగానే క్లోరిన్ వాసన గుప్పుమంటుంది. నాకు ఆ వాసన అంటే మొగుడి చొక్కా వాసనే. ఆ పూట అదే వాసనకి ఒళ్ళు మండిపోయింది. లోపల ఎంపిక పోటీలకి ముందు ట్రయల్స్ జరుగుతున్నాయి. ఆరు వరసల్లో పిల్లలు నీళ్ళు చిమ్ముకుంటూ వస్తున్నారు. గట్టు మీద సిమెంటు మెట్ల నిండా తల్లిదండ్రులు, ఒళ్ళో తువాళ్ళు. మా ఆయన మెడలో ఈలతో, నిక్కరు వేసుకుని, నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు.

మధ్య వరసలో ఒక కుర్రాడు అందరికన్నా ముందున్నాడు. వాడు ఊపిరి కోసం తల ఇటు తిప్పినప్పుడు మా ఆయన కుడిచేత్తో తన చెవి తమ్మె పట్టుకుని రెండుసార్లు లాగాడు. అంతే, వాడి వేగం తగ్గిపోయింది. తాపీగా రెండోవాడిగా వచ్చి గోడ తాకాడు.

నీళ్ళలో ఉన్నవాడికి మాట వినపడదు. అందుకని కోచ్‌లకి చేతి సైగలుంటాయి. అరచెయ్యి పైకెత్తితే జోరు పెంచమని, పిడికిలి బిగిస్తే ఆగమని. చెవి లాగితే, నీ సత్తా అంతా ఇప్పుడే చూపించకు, వెనక్కి తగ్గు, ఫైనల్స్‌కి దాచుకో అని. ఇన్నేళ్ళుగా చూస్తున్న సైగే. చూసీ చూసీ నా కళ్ళకి ఆనడం మానేసిన సైగ.

బళ్ళో ప్రశ్నలడిగిన రోజు ఈయన నా పక్క కుర్చీలో కూర్చుని అదే పనిగా చెవి లాక్కుంటూనే ఉన్నాడు. నేనేం చేశానో తెలుసా? ఈతకొలను నీళ్ళు దూరి చెవిలో చీము పట్టిందేమోనని ఆ సాయంత్రమే మందుల షాపుకెళ్ళి చుక్కల మందు తెచ్చి వేశాను. ఆ మహానుభావుడు కిమ్మనకుండా తల వంచి వేయించుకున్నాడు! మర్నాడు రెండో చెవిలో కూడా వెయ్యమన్నాడు!

నేను తిన్నగా వెళ్ళి ఆయన మెడలో ఈల లాక్కుని, ఊపిరంతా కూడదీసుకుని ఊదాను. నీళ్ళలో ఉన్న పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి తాళ్ళు పట్టుకుని వేలాడుతూ నా వైపు చూశారు.

"ఏంటిది? ట్రయల్స్ నడుస్తున్నాయి" అన్నాడు మా ఆయన, లేచి నిలబడుతూ.

"పిల్లకి తప్పులు చెప్పమని నేర్పింది నువ్వేనా?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని నేను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆయనకీ అది తగిలింది. నా మొహం చూశాడు, నా చంకలో ఉన్న పిచ్చుక మొహం చూశాడు. అబద్ధం ఆడదామా వద్దా అని లెక్కేసుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇక్కడే మాట్లాడు. నేర్పావా, లేదా?"

"గొంతు తగ్గించు. దాని మంచికే చేశాను."

"మంచికా! నోరున్న పిల్లని మూగదాన్ని చెయ్యడం మంచా?"

"మూగదాన్నేం చెయ్యలేదు. ఒక్క ఏడాది ఆపుదామనుకున్నాను. నేను ఆపుతానంటే నువ్వు ఊరుకోవు. బడివాళ్ళే వద్దంటే గొడవుండదు కదా అని..." ఆయన గొంతు అప్పటికీ మెల్లగానే ఉంది, కొత్త పిల్లలకి నీటి భయం పోగొట్టేటప్పుడు మాట్లాడినట్టు. "ఇప్పుడు చేరితే క్లాసులో అందరికన్నా చిన్నది అదే. పక్కనున్నవాళ్ళు దానికన్నా ఇంచుమించు ఏడాది పెద్దవాళ్ళు. ఏడాది అంటే ఏంటో నీకు తెలీదు. నాకు తెలుసు. ప్రతి వయసు గ్రూపులో నేనే ఆఖర్న పుట్టినవాణ్ణి. ప్రతి పోటీలో అరచెయ్యి తేడాతో ఓడిపోయాను. అరచెయ్యి! వాళ్ళు నాకన్నా బాగా ఈది గెలవలేదు, నాకన్నా ముందు పుట్టి గెలిచారు. ఒక్కసారి కూడా నన్ను జట్టులోకి తీసుకోలేదు. నా కూతురు అలా వెనక గోడ పట్టుకుని ఏడవకూడదు."

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు ఆయన మీద జాలేసింది. ఆ ఓటముల సంగతి నాకు తెలుసు. ఇప్పటికీ నిద్దట్లో కాళ్ళు ఆడిస్తాడు. కానీ ఆ జాలి వెనకే మంట ఇంకా పెద్దదైంది. ఈయన ఓడిపోయిన పోటీలన్నీ తిరిగి గెలవడానికి నా పిల్ల కావాల్సి వచ్చిందా?

మెట్ల మీద నుంచి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. పళ్ళ డాక్టరు. వాళ్ళబ్బాయి ఆ బళ్ళోనే కేజీ చదువుతున్నాడు, ఇక్కడ ఈతకి వస్తాడు.

"ఇందులో కోచ్ సార్ తప్పేముందమ్మా? మావాణ్ణి కూడా ఓ ఏడాది ఆపే వేశాం. ఇప్పుడు క్లాసులో వాడే ఫస్టు. ఈ రోజుల్లో అందరూ చేస్తున్నదే."

"మీవాడికి ముందుపళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి కదండీ డాక్టర్ గారూ? అది ఏ వయసులో జరుగుతుందో మీకు నేను చెప్పాలా? పక్కన పాలపళ్ళతో కూర్చున్న పసివాళ్ళని ఓడించి ఫస్టు వచ్చాడన్నమాట మీవాడు. చప్పట్లు కొట్టండి!"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టర్ గారికి ఉన్నట్టుండి ఫోన్‌లో ఏదో ముఖ్యమైన పని గుర్తొచ్చింది.

"డాక్టర్ గారు ఆపితే వాళ్ళావిడకి చెప్పి ఆపారు" అని మళ్ళీ మా ఆయన మీదికి తిరిగాను. "నువ్వు నాకు చెప్పావా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఛస్తే ఒప్పుకోను!"

"అందుకే చెప్పలేదు."

చూశారా ఆ జవాబు! ఎంత తాపీగా, ఎంత న్యాయంగా ఉన్నట్టు అనేశాడో! చేతిలో ఈల ఉండబట్టి సరిపోయింది గానీ ఇంకేదైనా ఉంటే ఏం జరిగేదో చెప్పలేను.

"చెవుల డాక్టరు దాని తలకి యంత్రం తగిలించినప్పుడు భయపడి నా చెయ్యి గిల్లేసింది. గుర్తుందా? నువ్వు పక్కనే నిలబడ్డావు. అప్పుడైనా నోరు విప్పావా? రోజూ రాత్రి నా పిల్లకి ఏమైందో అని నీ భుజం మీద తల పెట్టి ఏడిస్తే వీపు నిమిరావు. చెయ్యెలా వచ్చింది నీకు?"

ఆయన నీళ్ళ వైపు చూశాడు. "నాలుగు రోజులు బాధపడి ఊరుకుంటావనుకున్నాను. ఇంత దూరం వెళ్తావనుకోలేదు."

"పిల్లకి బాగోలేదంటే తల్లి ఊరుకుంటుందా? ఎవర్ని చూసి అనుకున్నావు అలా?"

ఈలోపు పిచ్చుక నా చంకలోంచి జారి దిగింది. తడి గట్టు మీద మెల్లగా అడుగులేసుకుంటూ వెళ్ళి వాళ్ళ నాన్న వేలు పట్టుకుంది.

"నాన్నా, నేను అమ్మకి చెప్పలేదు. అమ్మే కనిపెట్టేసింది. నేను ఒక్కటి కూడా కరెక్టు చెప్పలేదు, తెలుసా! సైకిల్ కొంటావు కదా?"

మెట్ల మీద నవ్వు ఆగిపోయింది. మా ఆయన మొహంలో రంగు మారింది. ఒక్కటి కూడా కరెక్టు చెప్పలేదని మురిసిపోతోంది నా బిడ్డ. గెలిచానని చెప్పుకోవాల్సిన వయసులో ఎంత బాగా ఓడిపోయానో చెప్పుకుంటోంది.

"రేపు పొద్దున బడికి ఇద్దరం వెళ్తున్నాం. ఇదే ఆఖరు" అన్నాను పళ్ళు నూరుతూ. "దాని నోటికి నువ్వు వేసిన తాళం నువ్వే తియ్యి. నేను చెప్తే వినదు, నీకు మాటిచ్చింది కాబట్టి. ఇప్పుడే, ఇక్కడే, ఆట అయిపోయిందని చెప్పు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పిచ్చుక భుజాలు పట్టుకున్నాడు. "పిచ్చుకా, రేపు బళ్ళో అమ్మ ఎలా చెప్పమంటే అలా చెప్పు. సరేనా?"

"సరే. సైకిల్?"

"కొంటాలే."

నేను ఈల ఆయన చేతిలో పడేసి పిల్లని తీసుకుని వచ్చేశాను. నిజం చెప్పమ్మా అని ఆయన అనలేదు. అమ్మ చెప్పమన్నట్టు చెప్పు అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది గానీ, ఆ కోపంలో దానికీ దీనికీ ఉన్న తేడా నాకు అందలేదు.

సాయంత్రం సంగతంతా విని మా అత్తగారు మోకాలికి కట్టుకున్న గుడ్డ విప్పి పారేసి లేచింది. ఆవిడకి కోపమొస్తే నొప్పులు ఉండవు.

"ఒరేయ్, ఓడి వచ్చిన ప్రతిసారీ నీ తల తుడిచింది నేనురా. నాకు చెప్తున్నావా అరచెయ్యి కథ? ఓడిపోయి నువ్వేం చచ్చిపోలేదు, కోచ్‌వి అయ్యావు. నలుగురు పిల్లలకి ఈత నేర్పుతున్నావు. దాన్నెందుకురా దొంగని చేశావు?"

"దొంగేంటమ్మా! అందరూ పిల్లల్ని ఆపి వేస్తుంటే మనం ఒక్కళ్ళం వేసేస్తే నష్టపోయేది అదే కదా."

"అందరూ గంట ముందొచ్చి బస్టాపులో నిలబడితే బస్సు గంట ముందొస్తుందట్రా? కాళ్ళు పీకడం తప్ప ఏముంది? నువ్వూ నీ తెలివీ!"

ఆయన భోజనం మధ్యలో లేచిపోయాడు. నేను పట్టించుకోలేదు. పిచ్చుకని వంటింటి అరుగు మీద కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాను. ఇదేం రంగు? గట్టిగా చెప్పు. ఇవెన్ని? ఇంకోసారి చెప్పు. ఇది ఏ జంతువు? రేపు మేడమ్ అడిగితే ఏం చెప్తావు? అది కళ్ళు నులుముకుంటూ చెప్తూనే ఉంది. ఒక్కటి తడబడితే మళ్ళీ మొదటికి. మర్నాడు ఏమవుతుందోనన్న భయం నన్ను తరుముతోంది.

మా అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "అమ్మాయ్, వాడి ఈల నువ్వుగానీ తెచ్చుకున్నావా ఏంటి?"

"మీరు వెళ్ళి పడుకోండి అత్తయ్యా" అన్నాను చిరాగ్గా. ఆవిడ వెళ్ళిపోయింది.

పొద్దున బడికి వెళ్ళేసరికి వరండా అంతా కడిగి ఉంది. ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో పెద్ద బల్ల పక్కన పిల్లల కోసం పొట్టి బల్ల, పొట్టి కుర్చీలు. లోపలికి వెళ్ళే ముందు నేను చెయ్యాల్సిన పని చేశాను. నా చేతిసంచి తీసి మా ఆయన కుడిచేతిలో పెట్టాను. పిచ్చుక సంచీ, నీళ్ళ సీసా ఎడమచేతిలో పెట్టాను.

"ఇవి పట్టుకుని కూర్చో. బయటికి వచ్చేదాకా కింద పెట్టావంటే ఊరుకోను."

"నమ్మకం లేదా?"

"లేదు."

ఆయన సంచులు మోసుకుంటూ నా వెనకే వచ్చి, వాటిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళిళ్ళలో పసుపు పూసిన కొబ్బరిబోండం పట్టుకున్నట్టు ఉంది వాలకం. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

ప్రిన్సిపాల్ మేడమ్ పొట్టి కుర్చీలో పిచ్చుకకి ఎదురుగా కూర్చుంది. మంచి మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. పెట్టెలోంచి అదే ఎర్ర బంతి తీసింది.

"ఇది ఏ రంగు చెప్పు చూద్దాం?"

పిచ్చుక బంతి వైపు చూడలేదు. వాళ్ళ నాన్న చేతుల వైపు చూసింది. రెండు చేతుల్లోనూ సంచులున్నాయి. అప్పుడు నా వైపు తిరిగింది.

"అమ్మా, ఇవాళ నీ జవాబులే కదా చెప్పాలి?"

తల కొట్టేసినట్టయింది నాకు. రాత్రంతా దాని చేత నేను చెప్పించింది నిజమేననుకున్నాను. ఎరుపు ఎరుపే కదా, అందులో అమ్మదేముంది, నాన్నదేముంది? కానీ దానికి అది నా తరఫు జవాబు. నాన్నకో జవాబు, అమ్మకో జవాబు. బంతి రంగు దానికి ఎప్పుడో తెలుసు. ఇప్పుడు అది చూస్తున్నది ఎవరి మాట చెల్లుతుందా అని.

"నీకు తెలిసింది చెప్పు తల్లీ" అన్నాను.

"ఎరుపు" అంది పిచ్చుక. తర్వాత కుక్కని కుక్క అంది. మూడు పెన్సిళ్ళని మూడు అంది. గోడ మీద రాసి ఉన్న మాట మేడమ్ అడక్కుండానే కూడబలుక్కుని చదివేసింది. నాకు ఊపిరాడింది. చేరినట్టే. నా పిల్ల బళ్ళో చేరినట్టే.

మేడమ్ పెన్సిళ్ళు పక్కన పెట్టింది. కానీ పెట్టె మూయలేదు. పిచ్చుక మొహంలోకి పరీక్షగా చూసింది.

"భలే చెప్పావు. మరి ఇవన్నీ అమ్మ జవాబులు అన్నావు కదా. పోయినసారి వచ్చినప్పుడు ఎవరి జవాబులు చెప్పావమ్మా?"

సరిగ్గా అప్పుడే ఆయా మంచినీళ్ళు తెచ్చింది. పళ్ళెం మా ఆయన ముందు పట్టింది. తీసుకోండి సార్, తీసుకోండి అంటోంది. నేను వద్దని సైగ చేసేలోపే ఆయన నా చేతిసంచి కింద పెట్టి గ్లాసు అందుకున్నాడు. ఒక్క గుక్క తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

ఖాళీ అయిన కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది. చెవి తమ్మె పట్టుకుంది. రెండుసార్లు లాగింది.

కావాలనే చేశాడా, భయంతో అలవాటు కొద్దీ వెళ్ళిందా ఆ చెయ్యి? నాకు తెలీదు. పిచ్చుకకి ఆ తేడాతో పనిలేదు. అది చూసింది. దాని కళ్ళు మెరిశాయి. దానికి బాగా వచ్చిన ఆట మళ్ళీ మొదలైంది.

"అమ్మ జవాబులే" అంది టక్కున. "తప్పులు చెప్పమని అమ్మే చెప్పింది."

ప్రిన్సిపాల్ మేడమ్ నెమ్మదిగా నా వైపు తిరిగింది. ఆవిడ మొహంలో ఇందాకటి మెత్తదనం లేదు. "అంటే, ఆ రోజు ఏడ్చుకుంటూ వెళ్ళింది మీరేనా అమ్మా? ఫోన్‌లో నన్ను బతిమాలింది కూడా మీరే కదా?"

మా ఆయన వైపు చూశాను. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని కళ్ళతోనే అరిచాను. పిచ్చుక కూడా ఆయన వైపే చూస్తోంది, బాగా చెప్పానా నాన్నా అన్నట్టు నవ్వుతూ.

ఆయన చెయ్యి ఇంకా చెవి మీదే ఉంది.